ఆర్వీల పార్కింగ్‌పై పట్టణ కమిషనర్‌ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి నమస్కారం.

పర్యాటక పట్టణాల ఇరుకు వీధుల్లో ఆర్వీలు (లోపలే పడక, వంటగది ఉండే ప్రయాణపు బండ్లు) చిక్కుకుపోతున్నాయంటే చాలాసార్లు లోపం బోర్డుదే. ‘పెద్ద వాహనాలకు ప్రవేశం లేదు’ అన్న హెచ్చరిక మలుపు తిరిగాక కనబడితే ఏం లాభం? వెనుక కారును నాలుగు చక్రాల మీద లాగే బండి రివర్స్‌ చేయకూడదు. కారు ముందు చక్రాలు అడ్డం తిరిగి, లాగుడు కమ్మీ వంగిపోతుంది. బోర్డును అంతకు ముందు కూడలిలోనే పెట్టించండి. ఎత్తు, పొడవు మీటర్లలో రాయించండి.

పార్కింగ్‌లో ఒక కారుకు గీసే గడి పొడవు సుమారు 5 మీటర్లు. ఆర్వీలు ఎక్కువగా 6 నుంచి 12 మీటర్లుంటాయి, పైన ఏసీతో చాలావాటి ఎత్తు 3 మీటర్లు దాటుతుంది. 2.1 మీటర్ల ఎత్తులో అడ్డకమ్మీ ఉన్న పార్కింగ్ వీటికి లేనట్టే. ఊరి అంచున, ఒకవైపు నుంచి వచ్చి ఎదురుగా వెళ్లిపోయే గడులు కొన్ని ఉన్నా చాలు, అక్కడి నుంచి బస్సు నడిస్తే. గడి పక్కన స్తంభాలు మాత్రం వద్దు: వెనుక చక్రాల అవతలి భాగం మలుపులో బయటికి ఊగి గుద్దుకుంటుంది. నేల చదునుగా ఉండాలి. బండి బాగా ఒరిగితే అందులో గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ సరిగా పనిచేయదు, పాడవుతుంది కూడా.

మురుగు ట్యాంకు ఖాళీచేసే చోట గొట్టం కడిగే కుళాయి, తాగునీటి కుళాయి దూరదూరంగా ఉండాలి. పక్కపక్కనే పెడితే ఒకే చేత్తో రెండూ ముట్టుకుంటారు.