36 గంటల డ్యూటీకి విరామమేది?

సంపాదకులకు నమస్కారం.

రెసిడెంటు వైద్యుల (ఆసుపత్రిలో పనిచేస్తూ పీజీ చదివే డాక్టర్ల) నిరంతర విధులు సాధారణంగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు మించరాదని కేంద్రం 1992లోనే ఆదేశించినా, రాత్రంతా క్యాజువాలిటీలో నిలబడిన పీజీలు తెల్లవారగానే రౌండ్లకు, ఆపై ఓపీకి వెళ్తూ ఏకబిగిన 36 గంటలు పనిచేయడం నేటికీ మామూలే. జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో వారానికి 74 గంటల పరిమితిని సూచించింది. పాత హద్దే పెరగడం విడ్డూరం. మా అమ్మాయి డ్యూటీ దిగి వచ్చి కోటు విప్పకుండానే మంచంపై ఒరిగిపోతుంది. కలుపుకున్న అన్నం కంచంలోనే ఎండిపోతుంది. ఎడతెగని పని ఒత్తిడితో వచ్చే ఇలాంటి తీవ్ర అలసటను (బర్నౌట్) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వృత్తి సంబంధిత పరిణామంగానే వర్గీకరించింది. కౌన్సెలింగ్, యోగా తరగతులు మంచివే (వెళ్లే తీరిక ఎవరికుందో!). నైట్ డ్యూటీ మర్నాడు కచ్చితమైన సెలవు, ఖాళీ పోస్టుల భర్తీ ముందు కావాలి. నర్సులకూ ఇది వర్తించాలి.

– ఒక పీజీ వైద్యురాలి తండ్రి, వరంగల్