మెట్లెక్కడానికి ఇంత హంగామా ఎందుకంటే

చి.ల.సౌ. అమ్మాయికి నాన్న దీవెనలు.

నిన్న ఫోనులో నువ్వు అడిగినవన్నీ సబబైన ప్రశ్నలే. అత్తయ్యకు బైపాస్ చేయమన్నవాళ్లు నాకు స్టెంటుతో, అంటే పూడిన గుండె నాళాన్ని తెరిచి పట్టే చిన్న జాలీ గొట్టంతో ఎందుకు సరిపెట్టారు, మధ్యలో ఆ ఖరీదైన పరికరాలు దేనికి, భయపెట్టి డబ్బు గుంజారా అని. మీ అమ్మ పక్కనే ఉండటంతో దాటేశాను.

అత్తయ్య సంగతి వేరు. ఆవిడకు గుండెకు రక్తమందించే మూడు నాళాల్లోనూ పూడికలు, పైగా ఎన్నో ఏళ్ల షుగరు. అలాంటివారికి స్టెంట్ల కంటే బైపాసే మేలని 2012లో ఫ్రీడమ్ పరిశోధన తేల్చింది. నాకు షుగరు లేదు. పూడిక ఒక్క నాళంలోనే, గుండె ముందువైపు దిగే ఎల్ఏడీలో. కాకపోతే అది మెత్తని కొవ్వు కాదు, కాల్షియం పేరుకుని రాయైపోయింది.

ఇంకో సంగతి కూడా తెలుసుకో. ఇది నా ఆయుష్షు పెంచడానికి చేసింది కాదు. నాలాగా నిలకడగా ఉన్న జబ్బుకు స్టెంటు వేసినా, మందులతో నెట్టుకొచ్చినా మరణాల్లో తేడా కనిపించలేదని 2020లో అచ్చయిన ఇస్కీమియా పరిశోధన చెప్పింది. డాక్టరూ దాచలేదు. అన్ని మాత్రలు మింగుతున్నా మేడమెట్లు ఎక్కేసరికి ఛాతీ పట్టేస్తోంది కదా, అది పోతే చాలనుకున్నాను. పోయింది.

ఇక పరికరాలు. పాలిటెక్నిక్ వర్క్‌షాపులో లేతు నేర్పి రిటైరైనవాణ్ణి, ఇది నీకు చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. యాంజియోగ్రామ్‌లో కనిపించేది రక్తం పారే దారి మాత్రమే. గోడలో ఏముందో చూడటానికి ఓసీటీ అనే సన్నని గొట్టాన్ని పంపి, కాంతితో లోపలి బొమ్మ తీశారు. చుట్టూరా కాల్షియమే. దాన్ని వదిలించకుండా స్టెంటు పెడితే సరిగ్గా విచ్చుకోదు. విచ్చుకోని స్టెంటులో రక్తం గడ్డకట్టవచ్చు, మళ్లీ పూడిపోనూ వచ్చు.

అందుకని ముందు రోటాబ్లేటర్ దించారు. దాని కొసన ఒకటిన్నర మిల్లీమీటర్ల బర్ అనే అరగదీసే మొన, ముందు భాగానికి వజ్రపు నలుసులు. గాలి ఒత్తిడితో తిరిగే టర్బైను దాన్ని నిమిషానికి లక్షన్నర చుట్లు తిప్పుతుంది. మన లేతు రెండు వేలు తిరిగితే గొప్ప! మత్తు మణికట్టుకే ఇచ్చారు కాబట్టి ఆ కీచుమోత నాకు బాగా వినిపించింది. గట్టిచోట తగలగానే మోత కాస్త దిగేది, డాక్టరు చప్పున వెనక్కి లాగేవారు. ప్రతిసారీ కొద్ది సెకన్లే. బర్ ఎప్పుడు బిగుస్తోందో ఆయన చెవితో పట్టేస్తున్నారు. పనితనమంటే అది.

మరి నాళం గోడ తెగదా అంటావు. చిన్నప్పుడు చేయి విరిగితే నీ సిమెంటు కట్టు కోసిన రంపం గుర్తుందా? ఇదీ అంతే, గట్టిదాన్ని కోస్తుంది, మెత్తనిది పక్కకు ఒదుగుతుంది. రాలిన పొడి చాలావరకు ఎర్ర రక్తకణం కంటే సన్నం, రక్తంలోనే కొట్టుకుపోతుంది. అయినా నాళం చిరిగే ప్రమాదం కొద్దిగా ఉందని చెప్పే సంతకం తీసుకున్నారు.

దారి పడ్డాక షాక్‌వేవ్ బెలూన్. కిడ్నీలో రాళ్లను ధ్వని తరంగాలతో పగలగొట్టే పద్ధతినే గుండెకు తెచ్చారు. లోతున మిగిలిన కాల్షియం బీటలు వారింది. అప్పుడు స్టెంటు పెట్టి, అది పూర్తిగా విచ్చుకుందో లేదో ఓసీటీతో మళ్లీ చూశారు.

డబ్బు మాట. స్టెంటు ధరకు 2017లో కేంద్రం పరిమితి పెట్టింది, మందు పూసినదానికి అప్పట్లో 29,600 రూపాయలు. బర్‌కూ ఆ బెలూన్‌కూ ఆ పరిమితి వర్తించదు. బిల్లు బరువంతా అక్కడిదే. గుంజారని అనను. కానీ ఆ ఖర్చు బల్ల మీదికి చేర్చే ముందు కాక ముందురోజే చెప్పి ఉండాల్సింది. ఆ మాట వాళ్లతోనే అన్నాను.

ఇప్పుడు రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు రెండూ వేసుకుంటున్నాను. ఆరు నెలలైనా మానకూడదట, మధ్యలో మానితే స్టెంటులో గడ్డ కట్టవచ్చు. కదులుతున్న ఆ దంతం పీకించుకోమని మీ అమ్మ పోరుతోంది. పీకాలంటే నెత్తురు ఆగదని ఈ మాత్రలు మానమంటారేమోనని నా భయం. గుండె డాక్టరును అడగందే పంటి డాక్టరు గడప తొక్కేది లేదని నువ్వే తనకు చెప్పు, నా మాట వినదు.

నాన్న