మిణుకుమనే లైటు ఇక విడిగా బిగించం

మా షాపులో బండికి ఎర్ర ఎల్‌ఈడీ పెట్టించుకున్నవాళ్లకీ, పెట్టించుకుందామని అడుగుతున్నవాళ్లకీ ఈ మాట. బండి ఆపి తాళంచెవి బయటికి తీయగానే డ్యాష్‌బోర్డు మీద మిణుకుమిణుకుమనే ఆ చిన్న లైటును దొంగల భయానికని విడిగా బిగించడం మానేస్తున్నాం. బండిలో ఇమొబిలైజర్ (అసలు తాళంచెవి లేకపోతే ఇంజిన్‌ను నడవనివ్వని ఏర్పాటు) ఉండాలి, లేదా మేం బిగించే కటాఫ్ స్విచ్ (బండి స్టార్టవకుండా కరెంటు ఆపే రహస్య స్విచ్) అయినా ఉండాలి. అప్పుడే దానికి తోడుగా లైటు పెడతాం. బాగా అమ్ముడుపోయే సామాను ఎందుకు ఆపేస్తున్నారని చాలామంది అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఫ్యాక్టరీ నుంచే ఇమొబిలైజర్‌తో వచ్చిన బండికి తాళంచెవి తలలో ఒక చిప్ ఉంటుంది. తాళం దూర్చే చోట చుట్టూ ఉండే కాయిల్ ఆ చిప్‌లోని కోడ్‌ను చదువుతుంది. అది సరిపోతేనే ఇంజిన్ కంప్యూటర్ ఇంజిన్‌ను నడవనిస్తుంది. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర చుక్క ఆ కాపలాకు గుర్తు మాత్రమే. విడిగా అమ్మే లైటులో ఆ గుర్తు ఉంది, కాపలా లేదు. అద్దంలోంచి తొంగిచూసి, సులువుగా ఉంటే ఎత్తుకుపోదామనుకునేవాడు దాన్ని చూసి వెనక్కి తగ్గవచ్చు. ఆ మేరకు లైటుకు ప్రయోజనం ఉంది, కాదనను. కానీ ఫలానా మోడలే కావాలని వచ్చేవాడికి ఆ మోడల్లో ఏముందో, ఏం లేదో ముందే తెలుసు. తాటాకు చప్పుళ్లకు వాడు బెదరడు.

కీలెస్ కార్లు, అంటే తాళం దగ్గరుంటే చాలు వాటంతటవే తెరుచుకునే కార్లున్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. ఇంట్లో ఉన్న మీ తాళం సిగ్నల్‌ను ఒకడు తలుపు బయట నిలబడి యాంటెనాతో అందుకుంటాడు. కారు దగ్గరున్న రెండోవాడికి దాన్ని పంపిస్తాడు. తాళం పక్కనే ఉందనుకుని కారు తనే తెరుచుకుంటుంది. హెడ్‌లైటు వెనక వైరింగ్‌లోంచి కారు లోపలి నెట్‌వర్క్‌కు నకిలీ సందేశాలు పంపి తెరిచే పద్ధతి 2023లో అందరికీ తెలిసింది. ఇక టూ వీలర్ల సంగతికొస్తే, ఇద్దరు కలిసి ఎత్తి వ్యాన్‌లో వేసుకుపోతారు. వీటిలో ఏ ఒక్కదాన్నీ మిణుకుమనే లైటు ఆపలేదు.

అసలు కాపలా ఉంటే ఎంత తేడా వస్తుందో లెక్కలున్నాయి. యూరోపియన్ యూనియన్‌లో 1998 నుంచి కొత్త కార్లకు ఇమొబిలైజర్ తప్పనిసరి చేశారు. దానివల్ల నెదర్లాండ్స్‌లో 1995–2008 మధ్య కార్ల దొంగతనాలు దాదాపు 40 శాతం తగ్గాయని ఆర్థికశాస్త్ర పరిశోధకులు తేల్చారు. దొంగలు పాత కార్ల మీద పడటాన్ని కూడా కలుపుకున్న లెక్క అది. అమెరికాలో ఆ నిబంధన లేదు. అక్కడ ఇమొబిలైజర్ లేకుండా అమ్మిన కొన్ని హ్యుందాయ్, కియా మోడళ్లను ఎలా ఎత్తుకుపోవచ్చో చూపించే వీడియోలు పాకిపోయి, దొంగతనాలు విపరీతంగా పెరిగాయి. 2023లో ఆ కంపెనీలు సాఫ్ట్‌వేర్ మార్చి ఇచ్చాయి, దాంతోపాటు కిటికీ అద్దానికి అంటించుకోమని ఒక స్టిక్కరూ ఇచ్చాయి. నాకు ఆ వరస నచ్చింది. ముందు లోపల కాపలా పెట్టారు, తర్వాతే బయట దాని కబురు చెప్పారు.

పాత కస్టమర్ ఒకావిడ అడిగిన ప్రశ్న నన్ను చాలా ఆలోచింపజేసింది. "నా బండికి లైటు పెడితే దొంగ పక్కవాళ్ల బండి దగ్గరికి పోతాడు, అంతేగా?" అని. అలా జరగొచ్చు. పైకి కనిపించే ఏ తాళమైనా దొంగను పక్కకు తోసే అవకాశం ఉంది. 1998లో ఇయాన్ ఏర్స్, స్టీవెన్ లెవిట్ అనే ఇద్దరు లోజాక్ అనే పరికరం మీద పరిశోధన చేశారు. అది బండిలో ఎక్కడో దాగి ఉండి, పోయిన బండి ఎక్కడుందో రేడియోతో పోలీసులకు చెప్పేది. ఏ బండిలో ఉందో బయటికి తెలియదు కాబట్టి దొంగ అన్ని బండ్లకూ జంకాడు. పెట్టించుకున్నవాళ్లకు దక్కిన లాభం మొత్తం లాభంలో పది శాతం లోపేనట. మిగతాదంతా ఊళ్లో అందరికీ దక్కింది. అందుకే మా దగ్గర ట్రాకర్ బిగించేటప్పుడు స్టిక్కర్ వద్దనే చెప్తున్నాను.

ఇక రోజూ వినే ప్రశ్న: బ్యాటరీ డౌన్ అవుతుందా? సరిగ్గా బిగిస్తే అవదు. సెకనుకోసారి, సెకనులో పదో వంతు మాత్రం వెలిగే లైటు, వెలిగినప్పుడు 10 మిల్లీఆంపులు తీసుకున్నా సగటున ఒక్క మిల్లీఆంపే. కారు బ్యాటరీ ఊరికే పెట్టినా తనంతట తాను అంతకంటే ఎక్కువే కోల్పోతుంది. తేడా ఎక్కడొస్తుందంటే, దాన్ని మిణుకుమనిపించే సర్క్యూట్‌లో. పాత రకం 555 టైమర్ చిప్ లైటు ఆరి ఉన్నా సరే తనొక్కటే కొన్ని మిల్లీఆంపులు తాగుతూ ఉంటుంది. అదే చిప్‌లో తక్కువ కరెంటుతో నడిచే సీమాస్ (CMOS) రకానికి అందులో చాలా చిన్న వంతు సరిపోతుంది. కారుకు ఇది పెద్ద విషయం కాదు. 5 ఆంపియర్ అవర్ల బైకు బ్యాటరీకి మాత్రం పెద్ద విషయమే. 20 మిల్లీఆంపులు ఆగకుండా లాగితే పది రోజుల్లో ఖాళీ. సెల్ఫ్ స్టార్ట్ అంతకు ముందే మొరాయిస్తుంది.

సొంతంగా బిగించుకుంటామనేవాళ్లకు వద్దని చెప్పను. ఎర్ర ఎల్‌ఈడీకి రెండు వోల్టులు చాలు, బ్యాటరీ ఇచ్చేది పన్నెండు. అందుకే వరసలో ఒక కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టండి, కరెంటు 10 మిల్లీఆంపుల దగ్గర ఆగుతుంది. వైరు ఎక్కడ కలిపారో అక్కడే, దగ్గర్లోనే చిన్న ఫ్యూజ్ పెట్టండి. దీన్ని మాత్రం ఎవరూ వదిలేయొద్దు. సన్న వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే బ్యాటరీ దాన్ని క్షణాల్లో ఎర్రగా కాల్చేస్తుంది, డ్యాష్‌బోర్డు వెనకంతా ప్లాస్టిక్కే. పసుపు రంగు కనెక్టర్లు మామూలుగా ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి పోకండి. సోలార్‌తో నడిచేవి అంటించుకోవడం సులువే, కానీ ఎండకు లోపలి చిన్న బ్యాటరీ త్వరగా చచ్చిపోతుంది, టేపూ ఊడిపోతుంది.

రంగు విషయంలో కూడా కచ్చితంగా ఉంటాను. బండి బయటికి ఎరుపు, నీలం రంగుల్లో గట్టిగా కొట్టుకునే లైట్లు అడగొద్దు. చాలా దేశాల్లో అవి పోలీసులకు, అంబులెన్సులకు, ఫైరింజన్లకు కేటాయించినవి. లోపల ఒక చిన్న ఎర్ర చుక్క చాలు.

ఇప్పటికే మా దగ్గర లైటు ఒక్కటే పెట్టించుకున్నవాళ్లు పీకేయక్కర్లేదు, దానివల్ల నష్టమేమీ లేదు. ఒకసారి బండి తీసుకురండి. రెండు తాళాలూ తెండి, చిప్ ఉందో లేదో చూస్తాం. ఉంటే మీ లైటు నిజమే చెప్తోంది. లేకపోతే ఫ్యూయల్ పంపుకో, స్టార్టర్ రిలేకో కటాఫ్ స్విచ్ బిగించే సంగతి మాట్లాడుకుందాం. ఆ స్విచ్ ఎక్కడ పెట్టామో బిల్లు మీద రాయం, ఫోటో తీయం, ఫోన్లో అడిగినా చెప్పం. బండి సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు దాన్ని బండి స్టార్టయ్యేలా పెట్టి ఇవ్వండి, మెకానిక్‌కు చోటు చూపించాల్సిన పని ఉండదు.