బావా, ఈ కాతిబ్ కథ విను

బావా,

ఉగాదికి రాస్తానన్నాను, దసరా కూడా దాటింది. ఏమీ అనుకోకు. ఉద్యోగం బాగుంది, అమ్మ మోకాలు నయం, చంటిది నడుస్తోంది. మిగతావి ఫోన్లో. ఇది మాత్రం ఫోన్లో చెబితే తీరేది కాదు.

ఇక్కడ మెల్‌బోర్న్ డాండెనాంగ్‌లో మా వీధి చివర నాన్ కొట్టు పెద్దాయన హజారా, అంటే అఫ్ఘానిస్తాన్‌లోని ఒక జాతివాడు. మొన్న బేరాలు లేకపోతే టీ ఇచ్చి కూర్చోబెట్టాడు. వాళ్లది అక్కడి ఉరుజ్‌గాన్ ప్రాంతం. 1891-93లో ఆ దేశపు అమీర్ (రాజు) అబ్దుర్ రహ్మాన్ హజారాల మీదికి సైన్యాన్ని తోలి, భూములు లాక్కుని వేరేవాళ్లకి పంచిపెట్టాడు. ఆడవాళ్లనీ పిల్లల్నీ బానిసలుగా అమ్మేశారు. బతికినవాళ్లు ఇప్పటి పాకిస్తాన్‌లోని క్వెట్టాకీ, ఇరాన్‌లోని మష్‌హద్‌కీ పారిపోయారు. ఈయన ముత్తాత క్వెట్టా చేరి మన బ్రిటిష్ ఇండియా సైన్యంలో, 1904లో పెట్టిన హజారా పయనీర్స్ దళంలో చేరాడట!

ఇంతలో కొడుకొచ్చి, మేం చెంఘిజ్ ఖాన్ వంశం అన్నాడు. పెద్దాయనకి కోపం వచ్చింది. అఫ్ఘానిస్తాన్‌లో బామియాన్ కొండలో బుద్ధ విగ్రహాల్ని చెక్కిన నాటి నుంచీ అక్కడే ఉన్నాం అంటాడు. పిండి చేతులు ఊపుకుంటూ ఇద్దరూ నా ముందే వాదన! జన్యు పరీక్షల్లో తూర్పు ఆసియా పాయా, పడమటి పాయా రెండూ కనిపిస్తాయి. మాట్లాడేది ఫార్సీ, అందులో మంగోలు, తుర్కీ మాటలు. ఎక్కువమంది షియాలు. ముఖం వేరు, మతశాఖ వేరు, ఆ రెండూ చాలాయి వాళ్లని తొక్కడానికి.

అసలు సంగతి ఇప్పుడు. ఆ ఊచకోతని గ్రంథస్తం చేసింది ఎవరనుకున్నావ్? ఫైజ్ మొహమ్మద్ కాతిబ్, ఆయనా హజారాయే! ఆ అమీర్ కొడుకు హబీబుల్లా కొలువులో లేఖకుడు. చరిత్ర రాయమని పురమాయించింది ఆ కొడుకే, రాసింది చదివి సరేననాల్సిందీ అతనే. కాతిబ్ తనవాళ్లని ‘తిరుగుబాటుదారులు’ అంటూ కొలువు భాషే వాడాడు. కానీ ఏ తెగని ఎక్కడ కొట్టారో, ఎవరి భూమి ఎవరికిచ్చారో ‘సిరాజుత్ తవారీఖ్’ అనే ఆ చరిత్ర పుస్తకంలో వరసగా ఎక్కించేశాడు. ఎంత గుండె కావాలి బావా! మన రూము గొడుగు మీద ఒట్టు, నేను ఒక్క ముక్క కల్పించి చెప్పట్లేదు. 1929లో కాబూల్‌ని పట్టుకున్న బచ్చా సఖావో, హజారాల్ని తన వైపు తిప్పలేకపోయాడని కాతిబ్‌ని కొట్టించాడు. కాతిబ్ 1931లో పోయాడు.

ఇంకా ఆగలేదురా. 2022 సెప్టెంబర్ 30న కాబూల్‌లో హజారాలు ఎక్కువగా ఉండే దష్తె బర్చీలో ప్రాక్టీసు పరీక్ష రాస్తున్న పిల్లల మధ్య బాంబు పేల్చారు. 50 మందికి పైగా పోయారు, ఎక్కువమంది ఆడపిల్లలు. అది చెబుతూ పెద్దాయన... సరే, ఇప్పుడు రాయలేను.

1998లో మజారె షరీఫ్ ఊళ్లో తాలిబన్లు హజారాల్ని ఊచకోత కోసిన సంగతి చెప్పనే లేదు. అయ్యో, షిఫ్టుకి టైమైపోయింది! చెల్లెమ్మని అడిగానని చెప్పు. నువ్వైనా వెంటనే రాయి, ఆ స్థలం రిజిస్ట్రేషన్ ఏమైందో