ఆ అరగంట కోసం

కర్నూలు,
ఆదివారం.

ప్రియమైన శివా,

నువ్వు ఫోను చేసిన రాత్రి సరిగా మాట్లాడలేకపోయాను, ఏమీ అనుకోకు. "జడ్జీగా పెద్ద కుర్చీలో కూర్చున్నావు, ఏం చేయాలనుకుంటున్నావు?" అని అడిగావు. అది ఫోనులో రెండు ముక్కల్లో తేలే మాట కాదు. ఇవాళ పిల్లలు వాళ్ల మామయ్యతో కొండారెడ్డి బురుజు చూడటానికి వెళ్లారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

మొన్న మంగళవారం ఒక భూమి దావాలో సాక్షి వచ్చాడు. డెబ్బై దాటిన రైతు. పత్తికొండ అవతలి పల్లె నుంచి తొలి బస్సుకు బయలుదేరాడట. చెప్పులు గుమ్మం బయటే విడిచి, పసుపు గుడ్డసంచి పట్టుకుని బోనెక్కాడు. ఇంతలో అవతలి పక్షం జూనియర్ వకీలు లేచి, సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారు, వాయిదా ఇప్పించమన్నాడు. ముసలాయన నోరు మెదపలేదు. సంచి చంకన పెట్టుకుని దిగబోయాడు. వాయిదా అన్న మాట చెవిన పడితే దిగిపోవడం ఆయనకు అలవాటైపోయింది శివా! నాకు మనసు మెలిపెట్టినట్టయింది. ఫైలు తిరగేస్తే ఆయన రావడం అది నాలుగోసారి.

వాయిదా ఇవ్వలేదు. వకీలు మరో కోర్టులో ఉండటం వాయిదాకు కారణం కాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డరులో స్పష్టంగా ఉంది. వకీలువి, నీకు తెలియనిదేమీ కాదు. సీనియర్ గారికి కబురు వెళ్లింది, మధ్యాహ్నానికి వచ్చారు. అవతలి వకీలు అడిగే ప్రశ్నలతో (క్రాస్) సహా అంతా కలిపి అరగంట. ఆ అరగంట కోసం ఆ మనిషి నాలుగు రోజుల పని పోగొట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ "మళ్లీ ఎప్పుడు రావాల సామీ?" అని బెంచి క్లర్కును అడిగాడు. ఇక రానక్కరలేదంటే నమ్మలేక కాసేపు అక్కడే నిలబడ్డాడు.

నేను చేయాలనుకుంటున్నది ఇదే. కోర్టుకు వచ్చిన సాక్షిని విచారించకుండా ఇంటికి పంపకూడదు. వాయిదా పడక తప్పని కేసులుంటే ఆ సంగతి పొద్దున పిలుపులోనే చెప్పాలి, సాయంత్రం దాకా వరండాలో కూర్చోబెట్టకూడదు. సాక్షికి రావలసిన దారి ఖర్చుల బత్తా ఆ రోజే చేతిలో పడాలి. నా ఒక్క కోర్టుతో ఇది అయ్యేది కాదు, నా కింద ఉన్న కోర్టులన్నీ కలిసిరావాలి. వకీళ్లను తప్పుపట్టి లాభం లేదు. ఒకే వకీలుకు పదకొండు గంటలకు మూడు కోర్టుల్లో కేసులు పెట్టేది మా జడ్జీలమే. అందుకే బార్ (వకీళ్ల సంఘం) పెద్దలతో కూర్చుని, సాక్ష్యం కేసులకు ఏ కోర్టులో ఏ వేళ అన్నది ముందే పంచుకుందామని అడిగాను. కొందరు తల ఊపారు, కొందరు ఊపలేదు. మళ్లీ అడుగుతాను.

ఇంకో బాధ డిక్రీల, అంటే దావాల్లో కోర్టు ఇచ్చిన తీర్పుల, అమలు. గెలిచినవాడి అసలు కష్టాలు గెలిచిన తర్వాతే మొదలవుతాయి. అమలు పిటిషన్లు ఆరు నెలల్లో ముగించాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. శనివారాలు నా కింది జడ్జీలతో కూర్చుని అన్నిటికన్నా పాత ఫైళ్లు విప్పుతున్నాం. చాలావాటికి అడ్డం పడింది పెద్ద న్యాయసూత్రమేమీ కాదు. నోటీసు అందకపోవడం, చనిపోయినవారి వారసులను చేర్చకపోవడం, అంతే.

లోక్ అదాలత్ మీద నాకు గౌరవం ఉంది. రాజీ కుదిరితే కోర్టు ఫీజు తిరిగి వస్తుంది, అప్పీలు ఉండదు. అప్పీలు లేదు కాబట్టే, రాజీ కేసుల లెక్క పెంచుకోవడానికి ఎవరిచేతా సంతకం పెట్టించవద్దని గట్టిగా చెప్పాను. ఆ కాగితంలో ఏముందో తెలుగులో చదివి వినిపించిన తర్వాతే వేలిముద్ర.

హైకోర్టు ఎక్కడ ఉండాలన్న మాట సీమలో 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచీ ఉంది. దాని మీద నేను మాట్లాడకూడదు. కానీ ఆ రైతు గడప తొక్కేది కింది కోర్టుదే కదా!

ఖాళీ పోస్టుల సంగతి హైకోర్టుకు రాశాను, చూడాలి.

అనంతపురంలో నువ్వు రోజూ బోను ఇవతల నిలబడే మనిషివి. జడ్జీలు చేసే ఏ పని నీకు, నీ కక్షిదారులకు ఎక్కువ కష్టం కలిగిస్తుందో దాపరికం లేకుండా రాయి. నా ముఖం మీద ఇక్కడెవరూ చెప్పరు. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
రాఘవ