గంటస్తంభం పదకొండో వరస దగ్గర ఆగింది

విజయనగరం,
శుక్రవారం రాత్రి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మలుకి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మొన్న ఫోన్లో "నాన్నా, ఆ బొమ్మలు ఇంకా సర్దలేదా? రోజంతా వాటి ముందే కూర్చుంటున్నావట, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగావు. నాకు కోపం వచ్చి ఫోను మీ అమ్మ చేతిలో పెట్టేశాను. తర్వాత అనిపించింది, నువ్వడిగినదాంట్లో తప్పేముందని. నలభై ఏళ్ళు తాపీ పట్టిన మనిషి అరవై నాలుగో ఏట మంచం నిండా మనవడి లెగో బొమ్మ ఇటుకలు పరుచుకుని కూర్చుంటే ఎవరికైనా టెన్షనే. ఫోన్లో చెప్పబోతే నీకు మీటింగ్ అడ్డొస్తుంది, నాకు మాట అడ్డం తిరుగుతుంది. అందుకని రాస్తున్నాను.

ఒంట్లో బాగానే ఉంది, మోకాళ్ళు తప్ప.

వేసవి సెలవులకి వచ్చి వెళ్ళేటప్పుడు బుజ్జిగాడు ఆ లెగో డబ్బా మరిచిపోయాడు కదా. (వాడు మరిచిపోయాడో, సూట్‌కేసులో పట్టక నువ్వే వదిలేశావో!) పది రోజులు అది వరండాలో మూలన పడి ఉంది. ఒకరోజు వాన, కరెంటు లేదు, టీవీ లేదు. ఊరికే ఒక ఇటుక చేతిలోకి తీసుకున్నాను. ఇటుక కనిపిస్తే మేస్త్రీ చెయ్యి ఊరుకోదు కదా. తిరగేసి చూశాను. పైన ఎనిమిది బుడిపెలు, లోపల మూడు గొట్టాలు. రెండో ఇటుక తీసి దాని మీద నొక్కాను. టక్‌మంది. లాగితే రాలేదు.

నువ్వు నవ్వుకోకు. నేను ఒకటికి ఆరు పాళ్ళు సిమెంటు, ఇసుక కలిపి, వరస వరసకీ నిలువు చూసే గుండు వేసి చూసుకుని, వారం రోజులు నీళ్ళు కొడితే గానీ గోడ గోడ కాదు. ఇక్కడ సిమెంటు లేదు, నీళ్ళు లేవు, నొక్కితే పట్టుకుంటోంది. పోనీ గట్టిగా లాగితే, ఏమీ జరగనట్టు విడిపోతోంది. ఆ రోజంతా కలపడం, విడదీయడమే పని. విడదీయడానికి గోళ్ళు చాలక పళ్ళు కూడా వాడాను. ఒక పసుపు ఇటుక మీద నా పంటి గాటు పడింది, బుజ్జిగాడికి చెప్పకు. దానికి నారింజ రంగులో చిన్న మీట ఒకటి డబ్బాలోనే ఉందని తర్వాత తెలిసింది. ఊడదీయడానికి పనిముట్టు చేసి డబ్బాలో వేసి ఇచ్చారంటే వాళ్ళకి పని తెలుసు. మా పనిలో ఊడదీయాలంటే గునపమే.

మేడ మీద అద్దెకున్న ఇంజినీరింగ్ కుర్రాడు చూసి, తనే కూర్చుని కబుర్లు చెప్పాడు. డెన్మార్కు దేశంలో బిల్లుండ్ అనే చిన్న ఊళ్ళో ఒక వడ్రంగి 1932లో చెక్క బొమ్మలు చేయడం మొదలుపెట్టాడట. ప్లాస్టిక్ ఇటుకలు 1949లో వచ్చాయిగానీ, లోపల బోలుగా ఉండి సరిగా పట్టేవి కావట. లోపల గొట్టాలు పెట్టి 1958 జనవరి 28న పేటెంటుకి దరఖాస్తు పెట్టారు. అప్పటి ఇటుక ఇప్పటి ఇటుకకి అతుకుతుందన్నాడు. నేను నమ్మలేదు, అలాంటి పాత ఇటుక నా దగ్గర లేదు కాబట్టి. కానీ టేపు పెట్టి కొలిచాను. పది ఇటుకలు నిలువుగా పెడితే 96 మిల్లీమీటర్లు. ఎర్రవి పది, నీలంవి పది, కలిపినవి పది, అన్నీ 96. బట్టీ ఇటుకల్లో ఒకదానికొకటి సరిపోయేవి వంద ఏరాలంటే నాకు ఒక పూట పట్టేది. నువ్వు చిన్నప్పుడు సైటుకి వచ్చి రెండు ఇటుకలు ఒకదానికొకటి కొట్టి, గణగణమన్నవి ఒక పక్కన, డబ్‌మన్నవి ఒక పక్కన పెట్టేదానివి, గుర్తుందా?

ఆ కుర్రాడే ఫోన్లో పెద్ద పెద్ద డబ్బాలు చూపించాడు. ఈఫిల్ టవర్‌కి 10,001 ముక్కలట. టైటానిక్ ఓడకి 9,090. పెద్దవాళ్ళ కోసమే చేసినవట, డబ్బా మీద 18+ అని ఉంది. సరిగ్గా అప్పుడే మీ అమ్మ టీ పట్టుకొచ్చింది. ఫోన్లో 18+ చూసి గ్లాసులు అక్కడ పెట్టేసి, "ఛీ, ఏటది! ఇంత వయసొచ్చి, ఆ గుంటడి ముందర!" అని లోపలికెళ్ళిపోయింది. ఆవిడకి అర్థమయ్యేలా చెప్పేసరికి రాత్రయింది. ఇప్పటికీ పూర్తిగా నమ్మిందని నాకు అనుమానమే.

మొదట డబ్బాలోని పుస్తకం చూసి లారీ కట్టాను. అందులో ఒక్క మాట కూడా ఉండదు, అన్నీ బొమ్మలే. ఇంగ్లీషు రాని మేస్త్రీ కూడా చదవగలిగిన ప్లాను. మా ఇంజినీర్లు ఇలా గీసి ఉంటే ఎన్ని గోడలు పగలగొట్టే పని తప్పేదో. రెండు రోజుల్లో లారీ అయిపోయింది. అయిపోయాక ఏమీ తోచలేదు. ఒకరి ప్లాను చూసి కట్టడం నలభై ఏళ్ళు చేశాను కదా.

అప్పుడు మన ఊరి గంటస్తంభం మీద కన్ను పడింది. కోట కట్టొచ్చు కదా అన్నాడు కుర్రాడు. కోట నలుచదరం, బురుజులు పక్కన పెడితే గోడ ఎవడైనా కడతాడు. గంటస్తంభానికి ఎనిమిది ముఖాలు. ఈ ఇటుకల బుడిపెలన్నీ గళ్ళ కాగితం మీద చుక్కల్లా నిలువూ అడ్డమూ ఉంటాయి. ఏటవాలు గోడ వాటి మీద కూర్చోదు. మరి ఎనిమిది మూలలు ఎలా?

రెండు రోజులు పొద్దున్నే నడుచుకుంటూ వెళ్ళి దాని చుట్టూ తిరిగాను. 1885లో కట్టింది, రాతి కట్టడం, 68 అడుగుల ఎత్తు. నా చిన్నప్పటి నుంచి రోజూ చూస్తున్నదే, కానీ దాని మూల ఎలా తిరిగిందో ఎప్పుడూ చూడలేదు. మూడోసారి చుట్టూ తిరుగుతుంటే సోడా బండి అబ్బాయి "ఏటి బాబూ, ఏమైనా పారేసుకున్నారా?" అని అడిగాడు.

దారి దొరికింది ఎక్కడో తెలుసా? పునాది దగ్గర. మేం మూలమట్టం చూసుకోవడానికి దారం పట్టి ఒక పక్క 3 అడుగులు, ఇంకో పక్క 4 అడుగులు గుర్తు పెడతాం. మధ్యలో ఏటవాలుగా 5 వస్తే మూల సరిగ్గా ఉన్నట్టు. అదే లెక్క తిప్పి చూశాను. రెండు పక్కలా 5 పెడితే ఏటవాలు ఎంత? అయిదైదులు ఇరవై ఐదు, రెండు కలిపితే 50. ఏడేడులు 49. దగ్గర దగ్గర ఏడే! అంటే చదరం పక్కకి 17 బుడిపెలు పెట్టుకుని, నాలుగు మూలలా ఐదేసి కోసేస్తే, తిన్నటి గోడలు 7, ఏటవాలు గోడలు 7. ఎనిమిది ముఖాలూ సమానం. మిగిలిన వెంట్రుకవాసి తేడా, గోడలని మూలల దగ్గర కలిపే బందుల్లో ఉండే వదులు మింగేస్తుంది. ఇందులో కూడా తలుపు బందుల్లాంటి ముక్కలుంటాయి. డబ్బాలో నాలుగే దొరికాయి, మిగతావి కుర్రాడు తెప్పించాడు. ఆ లెక్క తేలినప్పుడు రాత్రి పదకొండు దాటింది. మీ అమ్మని లేపి చెప్పాను. "పడుకోండి" అంది.

ఏడు బుడిపెల ఇటుక దొరకదు. నాలుగుది, మూడుది పక్కపక్కన పెట్టాలి. పై వరసలో ముందు మూడు, తర్వాత నాలుగు. జాయింటు మీద జాయింటు రాకుండా దానంతట అదే తప్పిపోతుంది. సైట్లో కుర్రాళ్ళకి ఇది నేర్పడానికి ఎంత అరిచేవాణ్ణి! అడుగుకి ఒక వరస చొప్పున 68 వరసలు, వరసకి 16 ఇటుకలు, మొత్తం 1,088. పూర్తయితే 65 సెంటీమీటర్లు, అంటే రెండడుగుల పైచిలుకు. కిటికీలు, పైన గడియారం దగ్గర పని వేరే. ఇప్పటికి 11 వరసలు లేచాయి. మూడు బుడిపెలవి ఉన్నన్ని వాడేశాను, అవి చాలనిచోట రెండుది, ఒకటిది కలిపి సర్దాను. రంగులు కూడా దొరికినవి దొరికినట్టే. అసలు స్తంభం లేత పసుపు, ఎరుపు. నాది చిలకపచ్చ మీద నీలం, నీలం మీద తెలుపు. ఈ రంగుల్లో దాన్ని చూస్తే మీ తాత కర్రతో వచ్చేవాడు.

ఏడో వరసలో ఒక ముఖం పక్కకి జరిగింది. ఎక్కడా అని చూస్తే రెండో వరసలో ఒక ఇటుక ఒక బుడిపె అవతల పెట్టాను. చూసీ చూడనట్టు పైకి వెళ్ళిపోవచ్చు, ఎవరికీ తెలీదు. ఐదు వరసలు విప్పేశాను. పది నిమిషాలు పట్టింది. సరిచేసి మళ్ళీ కట్టడానికి ఇంకో అరగంట. ఒక్క ముక్క విరగలేదు, ఒక్క రూపాయి పోలేదు, ఇంటాయనకి సమాధానం చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నీకు అసలు సంగతి చెప్పాలి.

నీ గడ్డం కింద మచ్చ ఉంది కదా. మేడ మెట్ల చివరి మెట్టు తన్నుకుని పడ్డావు, మూడు కుట్లు పడ్డాయి. అందరూ పరిగెత్తి ఎక్కావని నిన్నే తిట్టారు, నేను కూడా. ఆ మెట్టు తప్పు నాది. ఆదివారాలూ, సాయంత్రాలూ మన ఇల్లు కట్టుకునే రోజులవి. మెట్లన్నీ ఏడంగుళాలకి సరిగ్గా పోశాను. తర్వాత డబ్బులు చేతికొచ్చాక పైన గది నేల వేశాం. ఆ నేల మందం అంగుళంన్నర. మెట్లు పోసేటప్పుడే దాన్ని లెక్కలో వేసుకోవాలి, వేసుకోలేదు. దాంతో చివరి మెట్టు ఒక్కటే ఎనిమిదిన్నర అయింది. ఊళ్ళో అందరి ఇళ్ళకీ రెండుసార్లు కొలిచినవాణ్ణి, నా ఇంటికి కొలవలేదు. పగలగొడితే పైన నేలంతా పోతుంది. కాళ్ళకి అదే అలవాటైపోతుందిలే అనుకున్నాను. నీకూ, మీ అమ్మకీ అలవాటైంది. కొత్తవాళ్ళు ఇప్పటికీ తన్నుకుంటారు. తన్నుకున్న చప్పుడు వినపడితే నేను ఎక్కడున్నా తల దించుకుంటాను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

మొన్న స్తంభానికి ఇటుకలు అయిపోయి, ఊరికే మెట్లు కట్టాను. ఒక్కో మెట్టు ఒక ఇటుక ఎత్తు. ఇందులో పల్చటి పలకలుంటాయి, మూడు పలకలు ఒక ఇటుకతో సమానం. పై నేలకి చేరే అంగతో కలిపి నాలుగు మెట్లు కట్టి, పై నేల మీద నాలుగు పలకలు ఎక్కువ పెట్టాను, మన ఇంట్లో తప్పే కాస్త పెద్దది చేసి. చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఎందుకో కింది మెట్టు మీద ఒక పలక పెట్టాను. రెండోదాని మీద రెండు. మూడోదాని మీద మూడు. అంతే, అన్నీ సమానమైపోయాయి! పైది ముట్టుకోనే లేదు.

మన మెట్లు, పై నేలకి చేరే అంగతో కలిపి, పన్నెండు. అంగుళానికి ఎనిమిది నూళ్ళు, అంగుళంన్నర అంటే పన్నెండు నూళ్ళు. ఒక్కో మెట్టుకి ఒక్కో నూలు పెంచుకుంటూ పోతే చాలు. మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు, అలా పదకొండోదానికి పదకొండు. మెట్ల మీద పాత గచ్చు చెక్కేసి, కొత్తది ఆ లెక్కన మందం పెంచుకుంటూ వేస్తే అన్నీ ఏడంగుళాల ఒక నూలు అవుతాయి. ముప్పై ఏళ్ళుగా ఆ పై మెట్టు ఒక్కదాన్నే చూస్తూ కూర్చున్నాను. కింద పదకొండు ఉన్నాయని తోచలేదు.

నా దగ్గర పని నేర్చుకున్న ఒక కుర్రాణ్ణి పిలిచాను. సోమవారం మొదలుపెడతాడు. నేను కుర్చీ వేసుకుని దారం పట్టుకుంటాను, అంతవరకు మోకాళ్ళు ఒప్పుకుంటాయి. మీ అమ్మ అప్పుడే దుమ్ము పడుతుందని గొణుగుతోంది. ఎందుకు చేయిస్తున్నానో ఆవిడకి ఇంకా చెప్పలేదు. ఉత్తరం నీకు చేరాక చెబుతాను.

తాజ్‌మహల్ డబ్బా కొనిపెడతానన్నావట, అమ్మ చెప్పింది. వద్దమ్మా. దానికి 5,923 ముక్కలు, ధర నేను చూశాను. అంత డబ్బు పోసి ఎవరో గీసింది నేనెందుకు కట్టడం? నీకు అంత మనసుంటే విడి ఇటుకలు కొను. ఒక బుడిపె వెడల్పువి, మూడు బుడిపెలవీ నాలుగు బుడిపెలవీ సగం సగం, లేత పసుపు ఎక్కువ, ఎరుపు తక్కువ. ఇంకా 57 వరసలు కావాలి, అంటే 912. ఒకేసారి అక్కర్లేదు. సిరిమాను పండక్కి వస్తున్నారు కదా, అప్పటికి ఒక రెండొందలు తెస్తే చాలు. పన్నెండో వరస బుజ్జిగాడి చేత వేయిస్తాను. వాడి డబ్బా మొత్తం వాడేశానని మాత్రం ముందే చెప్పి ఉంచు, ఇక్కడికి వచ్చి ఏడవకుండా.

అల్లుడుగారిని అడిగానని చెప్పు. నువ్వు రాత్రిళ్ళు అంతంత సేపు పని చెయ్యకు.

ఇంకో మాట. నీ కాలికి ఆ చివరి మెట్టు పాత ఎత్తే అలవాటు. ఈసారి వచ్చినప్పుడు అంత ఎత్తు లేపితే తూలుతావు. మొదటి రెండు రోజులు చూసుకుని ఎక్కు.

మీ నాన్న