ప్రశ్న అడిగి ఆగేవారు లారీ కింగ్

సంపాదకులకు,

మన చానెళ్లలో చర్చలు చూస్తుంటే నాకు లారీ కింగ్ గుర్తొస్తారు. అమెరికాలో సీఎన్ఎన్‌లో ఆయన నడిపిన ‘లారీ కింగ్ లైవ్’ ఇంటర్వ్యూ షో 1985 నుంచి 2010 దాకా, పాతికేళ్లు సాగింది. ప్యాంటుకు సస్పెండర్లు, బల్ల మీద పాతకాలపు మైకు, ముందుకు వంగి వినే ఆ మనిషి.. అంతే, వేరే హంగులేమీ ఉండేవి కావు.

ఆయన ప్రశ్నలు చాలా చిన్నవి. ఎందుకు, ఎలా, అప్పుడేమైంది? అడిగి ఆగేవారు. పుస్తకం రాసినవారు అతిథిగా వచ్చినా దాన్ని ముందుగా చదివేవారు కాదు. చూసేవాళ్లకు తెలిసినంతే తనకూ తెలిసి ఉంటే, వాళ్లు అడగాలనుకున్నదే తానూ అడుగుతానని నమ్మారు. మరీ మెత్తగా అడుగుతారని విమర్శలు వచ్చాయి. నాయకుల విషయంలో అది కొంత నిజమే. అయినా ఆ మెత్తదనం వల్లే చాలామంది నోరు విప్పారు. 1992లో వ్యాపారవేత్త రాస్ పెరో అధ్యక్ష పదవికి పోటీ చేయడానికి సిద్ధమని చెప్పింది ఈ షోలోనే. మరుసటి ఏడాది అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య నాఫ్టా వాణిజ్య ఒప్పందంపై ఉపాధ్యక్షుడు అల్ గోర్, పెరో ఇద్దరూ ఆ బల్ల దగ్గరే వాదించుకున్నారు. మామూలు ప్రేక్షకులు కూడా ఫోన్ చేసి అతిథులను నేరుగా అడిగేవారు, అది నాకు మరీ ఇష్టం.

2021 జనవరిలో, 87 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. తాను మాట్లాడుతున్నంతసేపూ కొత్తగా ఏమీ నేర్చుకోలేనని ఆయన తరచూ చెప్పేవారు. మన యాంకర్లు ఆ పాత ఎపిసోడ్లు కొన్నయినా చూడాలి. అతిథి జవాబు పూర్తయ్యేదాకా దయచేసి అడ్డు రావద్దు.

— ఒక పాఠకురాలు, విజయవాడ